అప్పు ఎవరిది, వాటా ఎవరిది: తుమ్మలపల్లె చిరంజీవికి పెద్దనాయన లేఖ



వేముల, పులివెందుల ప్రాంతపు మెట్ట పొలాల్లో పండిన వేరుశనగను కట్టెగానుగలో ఆడించి, ఆ నూనెతో పాటు కొర్రలు, జొన్నలు కూడా శుభ్రంగా పొట్లాలు కట్టి, సొంత వెబ్‌సైటు ద్వారా బెంగళూరు, హైదరాబాదుల్లోని ఇళ్లకు పంపాలన్న చిరంజీవి సంకల్పం మెచ్చుకోదగినది. ఆ వ్యాపారానికి ఏ చట్టరూపం ఇవ్వాలని అడిగితే పట్టణాల్లో వెంటనే వినిపించే జవాబు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టమని; ఊళ్లో వినిపించే జవాబు ముందు అమ్మకం మొదలుపెట్టి కాగితాల సంగతి తర్వాత చూసుకొమ్మని. ఈ రెండు జవాబులూ అసలు ప్రశ్నలను దాటిపోతాయి. వ్యాపారం దెబ్బతిన్ననాడు అప్పిచ్చినవారు ఎవరి ఆస్తి మీదికి రాగలరు, నిలదొక్కుకున్ననాడు అందులో ఎవరి వాటా ఎంత, ఆ వాటాదారు మధ్యలో తప్పుకుంటే ఏమవుతుంది అన్న మూడు విషయాలు ముందు తేలితే రూపం ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. అవి తేలకుండా ఎంచుకున్న రూపం ఎంత గౌరవంగా కనిపించినా కష్టకాలంలో అక్కరకు రాదు.

చట్టరూపం అంటే, స్థూలంగా, వ్యాపారిగా చట్టం ఎవరిని గుర్తిస్తుంది అన్నది. దీనికి తుమ్మలపల్లె దాటి పోయి ఉదాహరణ వెతకనక్కరలేదు. ఊరి పక్కన యురేనియం తవ్వి శుద్ధి చేస్తున్న సంస్థ పూర్తి పేరు యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్. 1967లో ఏర్పడిన ఆ సంస్థకు ప్రధాన కార్యాలయం జార్ఖండ్‌లోని జాదుగూడలో ఉంది. అది కేంద్ర ప్రభుత్వ సంస్థే అయినా చట్టం దృష్టిలో సంస్థ వేరు, ప్రభుత్వం వేరు: ఆస్తి సంస్థ పేరున ఉంటుంది, ఒప్పందం సంస్థ పేరున జరుగుతుంది, దావా వేసినా వేయించుకున్నా సంస్థ పేరుతోనే, అధికారులు బదిలీ అయినా రిటైరైనా సంస్థ కొనసాగుతుంది. ఇట్లా మనిషి కాకపోయినా మనిషికి ఉన్నట్టే ఆస్తినీ అప్పునూ దావా హక్కునూ కలిగి ఉన్నదాన్ని న్యాయశాస్త్రం చట్టబద్ధ వ్యక్తి అంటుంది. పేరు చివర లిమిటెడ్ అని ఉండటానికి అర్థం, వాటాదారుల బాధ్యత వారు చెల్లిస్తామని ఒప్పుకున్న వాటాధనం వరకే పరిమితమని. అంత పెద్ద సంస్థకు వర్తించే ఈ సూత్రమే ఇద్దరు కలిసి లక్ష రూపాయలతో పెట్టిన కంపెనీకీ వర్తిస్తుంది. 1896లో ఇంగ్లండులోని ప్రభువుల సభ సాలమన్ అనే బూట్ల వ్యాపారి కేసులో, వాటాలు దాదాపు అన్నీ ఒక్కడి చేతిలోనే ఉన్నా కంపెనీ వేరు, ఆ మనిషి వేరు అని తీర్పు చెప్పింది. భారతీయ కంపెనీ చట్టం కూడా ఆ పునాది మీదే నిలిచి ఉంది.

వ్యాపార రూపాలన్నిటిలో తేలికైనది ఏకవ్యక్తి యాజమాన్యం. ఆడిటర్ల నోట ప్రొప్రైటర్‌షిప్ అని వినిపించేది ఇదే. దీనికి ప్రత్యేకంగా చట్టమంటూ లేదు, దీన్ని పుట్టించే రిజిస్ట్రారూ లేడు. చిరంజీవి తన పాన్ కార్డుతో, ఏదో ఒక వ్యాపారనామంతో మొదటి నూనె సీసా అమ్మిననాడే అది పుట్టినట్టు లెక్క. లాభమంతా యజమాని ఆదాయమే కనుక వ్యక్తులకు వర్తించే శ్లాబుల ప్రకారమే పన్ను పడుతుంది. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో ఇట్లాంటి ఆదాయం 12 లక్షల రూపాయలు దాటని వ్యక్తికి రిబేటు వల్ల కట్టవలసిన పన్నేమీ మిగలదు. పైగా అమ్మకం 2 కోట్ల లోపు ఉన్న చిన్న వ్యాపారి, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల లోపు ఉన్న వ్యాపారి, ప్రతి ఖర్చుకూ లెక్క చూపే పని లేకుండా డిజిటల్‌గా వచ్చిన అమ్మకంలో 6 శాతాన్ని, నగదుగా వచ్చినదానిలో 8 శాతాన్ని లాభంగా ప్రకటించే అంచనా లాభ పద్ధతిని ఎంచుకోవచ్చు. ఆన్‌లైన్ వ్యాపారంలో డబ్బంతా యూపీఐ ద్వారానో కార్డు ద్వారానో వస్తుంది గనుక ఈ పద్ధతి బాగా కలిసివస్తుంది. ఎంత అమ్ముడుపోతుందో, రవాణా ఖర్చు పోను ఏం మిగులుతుందో తెలియని మొదటి ఏడాది రెండేళ్లకు ఇంతకంటే చవకైన రూపం లేదు; ఇందులో చిన్నతనమూ లేదు.

దీని లోపం ఒక్కటే, అయితే అది పెద్దది. వ్యాపారానికీ యజమానికీ మధ్య చట్టం ఏ గోడా కట్టలేదు కనుక వ్యాపారపు బాకీకి హద్దు లేదు. దాన్ని చిరంజీవి అమ్మబోయే సరుకుతోనే చూడవచ్చు. కాయ ముదిరే దశలో వాన మొహం చాటేసినప్పుడు, పీకిన తర్వాత కాయ సరిగా ఆరనప్పుడు చెనక్కాయకు ఆస్పర్జిల్లస్ జాతి బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం చేరుతుంది. గానుగ నూనెను రిఫైనరీ నూనె వలె శుద్ధి చేయరు గనుక కాయలోని విషం కొంత నూనెలోకి దిగే వీలుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు పరిహారం చెల్లించాలని చెబుతుంది. అట్లాంటి పరిహారమో, సీసాలు సరఫరా చేసినవారి బాకీయో వ్యాపారపు ఖాతాలో ఉన్న సొమ్మును మించితే, కోర్టు డిక్రీ యజమాని పొదుపు ఖాతా, బండి, బంగారం, పొలం దాకా వస్తుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ వ్యవసాయదారుని ఇంటిని, అవసరమైన పశువులను, పనిముట్లను, విత్తనాలను జప్తు నుంచి మినహాయించింది గాని, పొలాన్ని మినహాయించలేదు. వ్యాపారమే ప్రధాన వృత్తిగా మారినవారికి ఆ కొద్దిపాటి మినహాయింపు దక్కుతుందన్న భరోసా కూడా లేదు.

పొలం ప్రస్తావన వచ్చింది కనుక ఉమ్మడి కుటుంబం సంగతి కొంత వివరించవలసి ఉంది. తెలుగు నేల మీది హిందూ కుటుంబాలకు వర్తించే మితాక్షర ధర్మం ప్రకారం పూర్వీకుల ఆస్తిలో పుట్టుకతోనే హక్కు కలుగుతుంది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కును కొడుకులతో సమానంగా ఇచ్చింది. 2005లో కేంద్రం పెళ్లి షరతు లేకుండా దాన్ని దేశమంతటికీ విస్తరించింది. అందుచేత పంపకాలు కాని పొలంలో చిరంజీవితో పాటు అక్కచెల్లెళ్లకూ వాటా ఉంది, చిరంజీవి వ్యాపారపు అప్పుకు డిక్రీ పొందినవాడు చిరంజీవి వాటా వరకు జప్తు చేయించి పొలం పంపకానికి పట్టుపట్టగలడు. బోరు ఒక్కటి, దారి ఒక్కటి ఉన్న చేనులో బయటివాడు వాటాకు వస్తే ఆ కుటుంబం పరిస్థితి ఎట్లా ఉంటుందో పులివెందుల ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఉమ్మడి కుటుంబం పేరుతోనే వ్యాపారం చేసే పద్ధతి కూడా ఉంది. ఆదాయపు పన్ను శాఖ హిందూ అవిభక్త కుటుంబానికి వేరే పాన్ ఇస్తుంది, కుటుంబంలో ఒకరు కర్తగా వ్యవహరిస్తారు, పన్ను ఆదా అవుతుందని కొందరు ఈ దారి చూపుతారు. చిరంజీవి విషయంలో దాన్ని పూర్తిగా పక్కన పెట్టాలన్నది పెద్దనాయన గట్టి అభిప్రాయం. నిలబడుతుందో లేదో తెలియని కొత్త వ్యాపారానికి, సంతకం పెట్టని అక్కచెల్లెళ్ల ఆస్తిని కట్టిపెట్టడం న్యాయం కాదు.

చట్టరూపం వేరు, లైసెన్సులు వేరు అన్న సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే జీఎస్టీ నంబరు రాగానే కంపెనీ అయిపోయిందని అనుకునేవారు ఉన్నారు. ఏ రూపంలో ఉన్నా ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వద్ద రిజిస్ట్రేషనో లైసెన్సో కావాలి, తూనికలు కొలతల నిబంధనల ప్రకారం పొట్లం మీద తయారీదారు పేరు, చిరునామా, బరువు, ధర ఉండాలి. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అది సూక్ష్మ, చిన్న పరిశ్రమగా గుర్తింపు ఇస్తుందే తప్ప కొత్త చట్టబద్ధ వ్యక్తిని పుట్టించదు. జీఎస్టీ విషయంలో ఒక మెలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల అమ్మకం వరకు నమోదు అక్కరలేదని చాలామందికి తెలుసు గాని, పన్ను వర్తించే సరుకును రాష్ట్రం దాటించేవారికి సాధారణంగా ఆ మినహాయింపు లేదు. 2014 జూన్ 2 నుంచి హైదరాబాదు వేరే రాష్ట్రంలో ఉంది, బెంగళూరు ఎప్పుడూ వేరే రాష్ట్రమే. అందుచేత మొదటి నూనె సీసా హైదరాబాదుకు పోవడానికి ముందే జీఎస్టీ నంబరు ఉండాలి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు లేబులు వేసి కట్టిన ధాన్యానికీ పిండికీ 5 శాతం పన్ను వర్తిస్తోంది కనుక కొర్రల పొట్లం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది.

ఇక ఈ వ్యాపారంలో చిరంజీవితో చేయి కలిపిన స్నేహితుడి విషయం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆ అబ్బాయి వెబ్‌సైటు కట్టి, ప్రకటనలు చూసుకుంటూ, మిగిలినదానిలో సగం తీసుకునేలా మాట అయిందని, కాగితం మాత్రం ఏదీ రాసుకోలేదని తెలిసింది. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదం ఉన్నది ఇక్కడే. ఇట్లాంటి ఏర్పాటుకు ఇంకా ఏ రూపమూ రాలేదని చాలామంది అనుకుంటారు. చట్టం అట్లా అనుకోదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం, అందరూ గాని, అందరి తరఫున ఒకరు గాని నడిపే వ్యాపారపు లాభాన్ని పంచుకోవడానికి ఒప్పుకున్న వ్యక్తుల మధ్య సంబంధమే భాగస్వామ్యం, దానికి రాత గాని రిజిస్ట్రేషన్ గాని తప్పనిసరి కాదు. లాభం పంచుకున్నంత మాత్రాన అందరూ భాగస్వాములైపోరు, ఇద్దరి మధ్య నిజంగా ఉన్న సంబంధం ఏమిటన్నది కోర్టు పరిశీలిస్తుంది; అయితే వాట్సాప్‌లో మన కంపెనీ, మన లాభం అని రాసుకుంటూ, ఇద్దరూ బయటివారికి ఆర్డర్లు పెడుతూ పోతే ఆ పరిశీలన ఎటు మొగ్గుతుందో ఊహించవచ్చు.

నోటిమాట పొత్తుకు చట్టం తనంతట తాను కొన్ని షరతులు అంటగడుతుంది, వాటిని చిరంజీవి ఒక్కొక్కటిగా చదివి చూడాలి. వేరే ఒప్పందం లేకపోతే పెట్టుబడి ఎవరు ఎంత పెట్టినా లాభనష్టాలు సమానంగా పంచుకోవాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా గానుగ దగ్గర నిలబడి, కాయ కొని, సీసాలు నింపి, కొరియర్‌కు చేర్చే భాగస్వామికి ఆ శ్రమకు జీతం అడిగే హక్కు ఉండదు. వ్యాపారం నడిపే క్రమంలో ఒక భాగస్వామి చేసిన బాకీకి రెండో భాగస్వామి కూడా పూర్తిగా బాధ్యుడు, అంటే బెంగళూరు నుంచి ఆ అబ్బాయి ప్రకటనల కోసం చేసిన 3 లక్షల బాకీని అప్పిచ్చినవాడు తుమ్మలపల్లెలో ఉన్న చిరంజీవి ఒక్కడి నుంచే మొత్తం వసూలు చేసుకోవచ్చు, ఆ తర్వాత సగం కోసం స్నేహితుడి వెంట తిరగడం చిరంజీవి వంతు. పొత్తు రిజిస్టరు కాకపోతే వసూలు కోసం బయటివారి మీద దావా వేసే హక్కు ఆ సంస్థకు ఉండదు గాని, బయటివారు సంస్థ మీద వేసే దావాకు అడ్డేమీ ఉండదు. కాలపరిమితి రాసుకోని పొత్తును ఏ భాగస్వామి అయినా నోటీసుతో రద్దు చేయవచ్చు. వీటన్నిటికీ తోడు ఆ అబ్బాయి ఉద్యోగ ఒప్పందంలో వేరే వ్యాపారం చేయరాదన్న నిబంధన ఉందో లేదో కూడా చూసుకోవాలి; ఉంటే, ఏ రూపంలో భాగస్వామిగా పేరు చేర్చినా ముందు పోయేది ఆ అబ్బాయి ఉద్యోగం.

రాసుకున్న భాగస్వామ్యపత్రం ఈ షరతుల్లో చాలావాటిని మార్చగలదు, కానీ హద్దులేని బాధ్యతను మాత్రం మార్చలేదు. అందుకే ఇద్దరు కలిసి చేసే చిన్న వ్యాపారానికి సాధారణ భాగస్వామ్యం కంటే పరిమిత బాధ్యతా భాగస్వామ్యం, అంటే ఎల్ఎల్‌పీ, మెరుగైనది. 2008లో చట్టమై 2009లో అమల్లోకి వచ్చిన ఈ రూపంలో సంస్థ చట్టబద్ధ వ్యక్తి, భాగస్వాములు తమ పెట్టుబడి వరకే బాధ్యులు, ఒకరు చేసిన తప్పుకు రెండోవారి సొంత ఆస్తి తగలదు. కనీసం ఇద్దరు ఉండాలి, ఇద్దరు నియమిత భాగస్వాములుగా ప్రభుత్వానికి జవాబుదారులు కావాలి, వారిలో ఒకరైనా భారతదేశంలో నివసించేవారై ఉండాలి. ఏర్పడిన 30 రోజుల్లోగా తమ మధ్య ఒప్పందాన్ని దాఖలు చేయాలి, ఆ తర్వాత ఏటా మే 30 లోగా వార్షిక వివరాలు, అక్టోబరు 30 లోగా లెక్కల ప్రకటన దాఖలు చేయాలి. అమ్మకం 40 లక్షలు గాని, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు గాని దాటేవరకు ఈ చట్టం కింద ఆడిట్ తప్పనిసరి కాదు. పన్ను మాత్రం 30 శాతం ఒకే రేటు, పైన చెప్పిన అంచనా లాభ పద్ధతి దీనికి వర్తించదు. పనిచేసే భాగస్వామికి ఒప్పందంలో రాసుకున్న జీతాన్ని చట్టం చెప్పిన పరిమితిలో ఖర్చుగా చూపవచ్చు కనుక లాభం కొద్దిగా ఉన్న సంస్థకు ఆ 30 శాతం కనిపించినంత బరువు కాదు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు చాలు. 2015 సవరణ తర్వాత కనీస వాటాధనమన్న షరతు కూడా లేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పోతుంది, ఆంధ్రప్రదేశ్ కంపెనీల రిజిస్ట్రార్ కార్యాలయం విజయవాడలో ఉంది. పెట్టడం ఇంత తేలిక కావడంతోనే చిక్కు వచ్చింది, ఎందుకంటే నడపడం అంత తేలిక కాదు. అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి, ఏర్పడిన 30 రోజుల్లో ఆడిటర్‌ను నియమించాలి, వాటాధనం అందినట్టు 180 రోజుల్లో ప్రకటించాలి, ఏటా లెక్కలూ వార్షిక వివరాలూ వేర్వేరు ఫారాల్లో దాఖలు చేయాలి, ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పెరుగుతూ పోతుంది. వరుసగా మూడేళ్లు దాఖలు చేయని కంపెనీ డైరెక్టరు ఐదేళ్ల పాటు అనర్హుడవుతాడు. ఇది కాగితం మీది బెదిరింపు కాదు. 2017లో కేంద్రం 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లను రిజిస్టరు నుంచి తొలగించి, సుమారు 3 లక్షల మంది డైరెక్టర్లను అనర్హులను చేసింది. ఉత్సాహంతో పెట్టి, వ్యాపారం సాగక వదిలేసినా కంపెనీ తనంతట తాను చావదు, దాన్ని మూయడానికి కూడా దరఖాస్తు, రుసుము, ఆడిటర్ సంతకం కావాలి.

ఇంత బరువు మోయడం ఎప్పుడు తగును అన్నదానికి తెలుగువారు పెట్టిన ఆన్‌లైన్ సంస్థల్లోనే మంచి ఉదాహరణ ఉంది. తెలంగాణకు చెందిన ఫణీంద్ర సామ, తన బిట్స్ పిలానీ సహాధ్యాయులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో బెంగళూరులో ప్రారంభించిన రెడ్‌బస్, పిలానీ సాఫ్ట్ ల్యాబ్స్ ప్రైవేట్ లిమిటెడ్ అనే కంపెనీ కింద నడిచింది. వందల ట్రావెల్స్ సంస్థలను ఒక తెర మీదికి తేవడానికి ముగ్గురి జీతాల పొదుపు చాలదు, బయటి పెట్టుబడి కావాలి. పెట్టుబడి పెట్టేవాడు వడ్డీ అడగడు, వాటా అడుగుతాడు. ఆ వాటాను కొలిచి, ఇచ్చి, మళ్లీ అమ్ముకునే వీలు కంపెనీ షేర్లలో ఉన్నంత సులువుగా వేరే రూపంలో లేదు. 2007లో ఆ కంపెనీకి సీడ్‌ఫండ్ పెట్టుబడి రావడానికి, 2013లో ఐబీబో గ్రూపు దాన్ని కొనడానికి ఆ రూపం సరిగ్గా సరిపోయింది. తుమ్మలపల్లె నూనె వ్యాపారానికి మొదటి రెండేళ్లలో అట్లాంటి పెట్టుబడిదారుడు వచ్చే అవకాశం తక్కువ. వస్తే అప్పుడు మారడానికి దారి ఉంది. ఒక్కరే వాటాదారుగా ఉండే ఏకవ్యక్తి కంపెనీ అనే రూపాన్ని కూడా 2013 చట్టం తెచ్చింది, 2021 ఏప్రిల్ నుంచి దాని మీద ఉన్న అమ్మకపు పరిమితిని తీసేశారు. యజమాని మరణిస్తే వాటా ఎవరికి చేరాలో ముందే ఒక నామినీ పేరు ఇవ్వాలి. ఆడిట్, దాఖలాలు దానికీ తప్పవు గాని, ఒంటరిగా నడుపుతూ పొలాన్ని కాపాడుకోదలచినవారికి అమ్మకం పెరిగిన దశలో అది చక్కగా నప్పుతుంది.

పరిమిత బాధ్యత అన్న మాట మీద మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకోవడం కూడా మంచిది కాదు. చిన్న కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు డైరెక్టర్ల సొంత పూచీకత్తు అడుగుతుంది, ఆ సంతకం పడిన క్షణంలో చట్టం కట్టిన గోడను సంతకం పెట్టినవాడే కూల్చుకున్నట్టు. కంపెనీ ఇచ్చిన చెక్కు బౌన్సయితే వ్యవహారాలు చూసే డైరెక్టరు మీద కేసు నడుస్తుంది. ప్రైవేట్ కంపెనీ నుంచి వసూలు కాని జీఎస్టీ బకాయి తన నిర్లక్ష్యం వల్ల కాదని నిరూపించుకోలేని డైరెక్టరు మీద పడుతుంది. కల్తీ, కలుషిత ఆహారం కేసులో బాధ్యుడైన మనిషిని చట్టం వెతికి పట్టుకుంటుంది. కనుక పెట్టుబడికి అప్పు కావలసి వస్తే, పొలం పాసుపుస్తకం తాకట్టు అడగని దారులే మొదట చూడాలి. 2015లో మొదలైన ముద్ర పథకంలో 50 వేల రూపాయల లోపు శిశు రుణం నుంచి 10 లక్షల తరుణ్ రుణం దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, ఏకవ్యక్తి యాజమాన్యానికీ ఇస్తారు. ఆహార పదార్థాలు తయారుచేసే సూక్ష్మ పరిశ్రమలకు 2020లో వచ్చిన కేంద్ర పథకం యంత్రాల పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఇచ్చేలా రూపొందింది, దానికీ కంపెనీ కానక్కరలేదు. అయితే స్టార్టప్ ఇండియా గుర్తింపు మాత్రం ఏకవ్యక్తి యాజమాన్యానికి దొరకదు. అది కావాలంటే కంపెనీయో, ఎల్ఎల్‌పీయో, రిజిస్టరైన భాగస్వామ్యమో ఉండాలి.

ఊరి రైతులంతా కలిసి అమ్ముకునే ఆలోచన ఎప్పుడైనా వస్తే అది వేరే దారి. పది మంది ఉత్పత్తిదారులు కలిస్తే ఏర్పడే రైతు ఉత్పత్తిదారుల కంపెనీ గాని, 1995లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం గాని అందుకు తగినవి. ఒక్కరి చొరవతో నడిచే వెబ్‌సైటుకు అవి ఇప్పటికి అక్కరలేదు.

ఇవన్నీ తూచి చూస్తే, చిరంజీవి మొదటి అడుగును ఏకవ్యక్తి యాజమాన్యంగానే వేయాలని, స్నేహితుడిని భాగస్వామిగా కాక రాతపూర్వక ఒప్పందం మీద నెలవారీ రుసుము తీసుకునే సేవాదారుగా ఉంచాలని పెద్దనాయన సలహా. ఆ అబ్బాయి ఉద్యోగం వదిలి వచ్చినా, సొంత డబ్బు పెట్టినా, ఆ రోజే ఎల్ఎల్‌పీ పెట్టాలి. ఒకటి రెండు నెలలు చూద్దామని జరపరాదు. పెద్ద దుకాణాల గొలుసుకు టోకున సరఫరా మొదలైనా, అమ్మకం కుటుంబపు ఏడాది ఆదాయాన్ని దాటిపోయినా ఏకవ్యక్తి కంపెనీ వైపు మళ్లాలి. అంతవరకు రక్షణగా ప్రతి విడత కాయను అఫ్లటాక్సిన్ పరీక్షకు పంపడం, ఆ నివేదికలను దాచడం, ఉత్పత్తి బాధ్యత బీమా తీసుకోవడం చట్టరూపం కంటే ఎక్కువ పని చేస్తాయి. వ్యాపారానికి వేరే కరెంట్ ఖాతా తెరవాలి, ఇంటి ఖర్చు గాని, ఎరువుల ఖర్చు గాని అందులోంచి పోకూడదు.

రూపం తర్వాత మార్చుకోవచ్చు గాని, మార్పు ఉచితం కాదన్నది కూడా ఇప్పుడే గుర్తుంచుకోవాలి. కొత్త సంస్థకు కొత్త పాన్, కొత్త జీఎస్టీ నంబరు, కొత్త ఆహార లైసెన్సు, కొత్త ఖాతా, కొత్త లేబుళ్లు కావాలి. అన్నిటికంటే చిక్కయినది పేరు. ఇప్పుడు వెబ్‌సైటు పేరు స్నేహితుడి మెయిల్‌తో, ఆ అబ్బాయి కార్డుతో కొన్నదని తెలిసింది. కొనేవారు గుర్తుపట్టేది ఆ పేరునే కనుక దాన్ని ఇప్పుడే, స్నేహం నిండుగా ఉన్నప్పుడే, చిరంజీవి పేరుకు మార్పించుకోవాలి. ట్రేడ్‌మార్కు దరఖాస్తుకు వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, ఇతరులకు 9,000. వంటనూనె 29వ తరగతిలోకి, పిండ్లు 30వ తరగతిలోకి వస్తాయి, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలో ఉంటాయి.

స్నేహితుడితో రాసుకోవలసిన ఒప్పందం రెండు పేజీలు మించనక్కరలేదు. ఆ అబ్బాయి చేసే పనులేమిటో, నెలకు ఎంత ఇవ్వాలో, ఏ తేదీకి ఇవ్వాలో ఉండాలి. వెబ్‌సైటు కోడు, వినియోగదారుల చిరునామాలు, ఫొటోలు, పాస్‌వర్డులు వ్యాపారానివేనన్న వాక్యం ఉండాలి. ప్రకటనల మీద నెలకు ఇంత మించి చిరంజీవి రాతపూర్వక అనుమతి లేకుండా ఖర్చు పెట్టరాదన్న హద్దు ఉండాలి. ఇది భాగస్వామ్యం కాదని, వ్యాపారం తరఫున ఎవరినీ బాధ్యులను చేసే అధికారం ఆ అబ్బాయికి లేదని స్పష్టంగా ఉండాలి. ముందు ముందు సంస్థ పెట్టినప్పుడు ఆ అబ్బాయికి వాటా ఇవ్వాలని ఉంటే దాన్ని కూడా దాచకుండా రాయాలి: ఎంత శాతం, ఎన్నేళ్లలో విడతలవారీగా దక్కుతుంది, మధ్యలో తప్పుకుంటే దక్కని భాగం ఏమవుతుంది, దక్కిన భాగాన్ని ఏ లెక్కన ధర కట్టి చిరంజీవి కొనుక్కోవచ్చు. నాలుగేళ్లలో విడతలుగా దక్కే పద్ధతి స్టార్టప్‌లలో వాడుకలో ఉంది, అదే ఇక్కడ సరిపోతుంది. మొదటి ఏడాది నిండకుండా పోయినవారికి ఏమీ దక్కదన్నది అందులో మామూలు షరతు.

ఈ ముసాయిదాను ఆ అబ్బాయి ఊరికి వచ్చినప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చదివి, నచ్చని వాక్యాల పక్కన గీతలు పెట్టి, ఆ ప్రతితోనే కడపకు వస్తే ఆడిటర్ సమక్షంలో తుది రూపం ఇవ్వవచ్చు. వచ్చేటప్పుడు చిరంజీవి పాన్, ఆధార్ కార్డులు, గానుగ పెట్టిన గది అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ఇంతవరకు పెట్టిన ఖర్చుల రసీదులు వెంట తేవాలి. పొలం పాసుపుస్తకం తేనక్కరలేదు.

ఆశీస్సులతో,
పెద్దనాయన